అక్క లేని పెళ్లి వీడియో

జూలై 8, మంగళవారం

ఈ నోటుబుక్కు వీడియో ఎడిటింగ్ క్లాసు కోసం కొన్నాను. ముందు నుంచి క్లాసువి రాసుకుంటున్నాను, వెనక నుంచి ఇవి. ఎవరన్నా తెరిచినా షార్ట్‌కట్ కీలు చూసి మూసేస్తారు.

గుంటూరు వెళ్లడం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఈరోజు గ్రీన్ మ్యాట్ మొదలుపెట్టారు నజ్మీన్ మేడమ్. గోడకి ఆకుపచ్చ గుడ్డ కట్టి, ముందు వరసలో ఉన్నానని నన్ను నిలబెట్టి తీశారు. కంప్యూటర్లో ఏదో నొక్కితే గుడ్డ మాయమై నా వెనక సముద్రం వచ్చింది. క్లాసంతా ఒకటే నవ్వు. చూస్తే నా చెయ్యి తెగిపోయి ఉంది. మోచేతి దాకా ఉంది, తర్వాత ఏమీ లేదు, తర్వాత వేళ్లు గాల్లో ఉన్నాయి. నేను ఆకుపచ్చ గాజులు వేసుకెళ్లాను.

"పచ్చగా ఏదుంటే అది పోతుందమ్మా. దానికి గుడ్డేదో గాజేదో తెలీదు" అన్నారు మేడమ్.

నేనూ నవ్వాను. ఆ గాజులు అక్కవి. వెళ్లేటప్పుడు అన్నీ వదిలేసి వెళ్లింది.

ఇంట్లో ఇప్పుడు హారిక అని అక్క పేరు ఎత్తకూడదు. మే పద్దెనిమిది నుంచి. "నాకు ఒక కొడుకు, ఒక కూతురు" అన్నాడు నాన్న అరుగు మీద కూర్చుని, వీధిలో అందరికీ వినపడేట్టు. అంటే బాలు అన్నయ్య, నేను.

జూలై 11

కొత్త నంబరు నుంచి రెండుసార్లు మిస్డ్ కాల్. బస్సు చప్పుడులో వినపడలేదు.

జూలై 20, ఆదివారం

పొద్దున అన్నయ్య హార్డ్ డిస్క్ పట్టుకొచ్చాడు. ఫిబ్రవరిలో వినుకొండలో జరిగిన వాడి పెళ్లి మొత్తం అందులో ఉంది. వీడియోగ్రాఫర్ ఇన్నాళ్లూ ఇదిగో అదిగో అని తిప్పాడు. ఈలోగా అక్క వెళ్లిపోయింది. అక్కని తీసేసి ఇమ్మని నాన్న అడిగితే అతను, "ఆవిడ సగం వీడియోలో ఉందండీ. ఆడపడుచు కదా. ఆవిణ్ణి తీస్తే పెళ్లే మిగలదు" అన్నాడట. ఎడిటింగ్ చేయకుండా డిస్క్ ఇచ్చి పంపేశాడు.

నాన్న పత్తికి మందు కొట్టి వచ్చి స్నానం చేసి మంచం మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, నువ్వు నేర్చుకునేది ఇదేగా?"

"ఏది నాన్నా?"

"మనుషుల్ని తీసేసి వాళ్ల చోట ఇంకోటి పెట్టడం. బాలుగాడు చెప్పాడు."

"అది వేరే నాన్నా. గుడ్డ ముందు నిలబెట్టి తీస్తేనే..."

"వచ్చా, రాదా?"

వదినకి మూడో నెల. కార్తీకం వెళ్లాక శ్రీమంతం చేస్తారు. వినుకొండ నుంచి వాళ్ల వాళ్లంతా వస్తారు. ఆరోజు టీవీలో పెళ్లి వేయాలని నాన్న పంతం. వియ్యాలవారికి అక్క సంగతి తెలియక కాదు. తెలిసినా కళ్లముందు కనపడకూడదు. "దాని చేత మూడో ముడి వేయించాం గదరా" అని అన్నయ్యతో అంటున్నాడు. ఏదో విషం పెట్టించినట్టు.

అమ్మ గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"వచ్చు నాన్నా" అన్నాను.

నేను ఏం నేర్చుకుంటున్నానని నాన్న అడగడం ఇదే మొదటిసారి. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

జూలై 21

ఇది ప్రాక్టీసు. క్లాసులో ఎలాగూ ప్రాజెక్టు చేయాలి.

ఆగస్టు 3, ఆదివారం

వీడియోలో ఒక సెకనుకి ఇరవై ఐదు బొమ్మలుంటాయి. కదిలే మనిషిని తీయాలంటే ఒక్కో బొమ్మలో ఆ మనిషి చుట్టూ గీత గీసుకుంటూ రావాలి. ఆ లోపలున్నది తీసేసి వెనకాల ఏముండేదో అది పూరించాలి. గోడ అయితే సులువు. మనుషులుంటే కష్టం.

పది రోజుల్లో నాలుగు నిమిషాలు అయింది. చాలా చోట్ల క్లిప్పు కత్తిరించేస్తే సరిపోయింది. కొన్ని చోట్ల జూమ్ చేసి అక్కని అంచు బయటికి నెట్టేశాను. మిగిలిన చోట్ల గీస్తున్నాను.

అక్క ఎప్పుడూ నిలకడగా ఉండదు. ఎవరికో మంచినీళ్లు ఇస్తోంది, అన్నయ్య నుదుటి మీద చెమట తుడుస్తోంది, పెద్దమ్మ చెవిలో ఏదో చెప్పి నవ్విస్తోంది. ఎడం కాలు మీద బరువు వేసి నిలబడుతుంది. పెళ్లికి ముందు రోజు బూరెల నూనె పడి కుడి మణికట్టు కాలింది. దాన్ని ఎవరూ చూడకుండా కొంగులో పెట్టుకుంటోంది. ఇరవై రెండేళ్లు పక్కన పడుకున్నాను, ఇంత జాగ్రత్తగా అక్కని ఎప్పుడూ చూడలేదు.

చెవి అంచు గీయడం చాలా కష్టం. జుట్టు ఇంకా కష్టం.

ఆగస్టు 9

మళ్లీ మిస్డ్ కాల్. ఛార్జింగ్ లేదు.

ఆగస్టు 14, గురువారం

మాంగల్యధారణ దగ్గర ఆగిపోయాను. అది కత్తిరించడానికి లేదు, అది లేకపోతే పెళ్లే లేదు. కెమెరా ఎదురుగా ఉంది. వదిన కూర్చుని ఉంది, అన్నయ్య వంగి ముడి వేస్తున్నాడు, వెనకాల అక్క వదిన పూలజడ పైకెత్తి పట్టుకుంది. తర్వాత అన్నయ్య తప్పుకుంటే అక్క వంగి మూడో ముడి వేసింది. మొత్తం నలభై సెకన్లు. అక్కని తీసేస్తే జడ గాల్లో నిలబడుతుంది.

మేడమ్‌ని అడిగాను. ఎవరి పెళ్లని చెప్పలేదు.

"ఖాళీ చేయకు, ఇంకొకళ్లని పెట్టు. గ్రీన్ మ్యాట్ ముందు అదే పొజిషన్‌లో, అదే వెలుతురులో ఒక మనిషిని తీసి అక్కడ అతికించు. చేతులు కుదిరితే చాలు" అన్నారు.

"ఎవరిని పెట్టాలి మేడమ్?"

"ఇంచుమించు అదే ఎత్తున్న వాళ్లని."

అక్క ఎత్తు నాదే. చిన్నప్పటి నుంచి ఒకే కొలతకి ఇద్దరికీ జాకెట్లు కుట్టించేది అమ్మ.

ఆగస్టు 24, ఆదివారం

నాన్న, అన్నయ్య మిరప నారు చూడ్డానికి వెళ్లారు. పట్నంబజారులో కొన్న ఆకుపచ్చ గుడ్డ దొడ్డి గోడకి మేకులు కొట్టి కట్టాను. వదిన తల ఉండాల్సిన చోట స్టూలు మీద బిందె బోర్లించి దానికీ పచ్చగుడ్డ చుట్టాను. జడకి ఏదీ దొరక్క చీపురుకట్టకి చుట్టాను. ఫోన్ పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. అమ్మని పిలిచాను.

అమ్మ వచ్చి అదంతా చూసింది.

"కొత్తకోడలి జడ చీపురుకట్టా?" అని నవ్వింది. మే నెల తర్వాత అమ్మ నవ్వడం ఇదే.

పెళ్లిలో కట్టుకున్న పట్టుచీరే కట్టుకున్నాను, మెరూన్‌ది. గాజులు తీసేశాను. అసలు క్లిప్పు లాప్‌టాప్‌లో ఆపి అమ్మ పక్కన పెట్టాను, చూసి నన్ను సరిచేయడానికి. అమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని ఆ బొమ్మనే చూస్తూ ఉంది. చాలాసేపు.

"నొక్కమంటావా?"

"నొక్కమ్మా."

చీపురు పైకెత్తి పట్టుకున్నాను.

"అంత నిటారుగా నిలబడలా అది. నడుం కొంచెం ఇటు ఒరిగి ఉంటది దానికి."

ఒరిగాను.

"మరీ అంత కాదు. ఎడం కాలు మీద నిలబడు. చెయ్యి ఇంకొంచెం కిందికి. కుడిచెయ్యి మడత పెట్టింది చూడు, కాలిందిగా, అందుకని. అట్టా."

మూడుసార్లు తీశాం. మూడోసారి నాకు నవ్వొచ్చింది.

"నవ్వమాక. అది నవ్వలా అప్పుడు. కళ్లనీళ్లు పెట్టుకుంది. అన్నకి పెళ్లయిపోతంది అని."

నవ్వు ఆపాను. ముడి వేస్తున్నట్టు బిందె మీదికి వంగాను.

"ఇంకొంచెం వంగు. వంగు హారికా" అంది అమ్మ.

 అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్లింది. పొయ్యి వెలిగించలేదు.

మూడో టేకే బాగా కుదిరింది. చేతులు సరిగ్గా అక్క చేతుల మీద పడ్డాయి.

ఆగస్టు 25

ఆ క్లిప్పులో సౌండ్ తీసేశాను. పైన ఎలాగూ నాదస్వరం వస్తుంది.

సెప్టెంబరు 16, మంగళవారం

మాంగల్యధారణ మేడమ్‌కి చూపించాను. ముందుది, తర్వాతది. మేడమ్ రెండుసార్లు చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"బుగ్గల మీద పచ్చనీడ కూడా తీసేశావే. జడ దగ్గర అంచు ఎలా చేశావు?"

చెప్పాను. మేడమ్ అందరినీ పిలిచి పెద్ద మానిటర్ మీద వేశారు. ముందు అక్క. తర్వాత నేను. మళ్లీ అక్క. మళ్లీ నేను. పదకొండు మంది చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్లాక మేడమ్ అడిగారు. "ఆ అమ్మాయి ఎవరు? నీ పోలికలున్నాయి."

"తెలీదు మేడమ్. వీడియోవాళ్ల దగ్గర శాంపిల్ తీసుకున్నాను."

మేడమ్ బ్యాగులోంచి ఖర్జూరాలు తీసి రెండు నా చేతిలో పెట్టారు.

సెప్టెంబరు 17

నిన్నటి నుంచి ఒకటి రాయాలనుకుంటున్నాను.

అక్క ప్రేమ సంగతి నాన్నకి ఎవరు చెప్పారో తెలీదని అందరితో అంటున్నాను. అక్క కూడా ఎవరో స్కూల్ వాళ్లు చెప్పారనే అనుకుని ఉంటుంది. అక్క, ప్రభు ఇద్దరూ ప్రత్తిపాడులో ఒకే స్కూల్లో చెప్పేవాళ్లు. ప్రభుది మా ఊరే, చర్చి వెనక వీధి. వాళ్లమ్మ జయకుమారి మా పత్తిలో కలుపుకి వచ్చేది.

ఏప్రిల్లో ఒకరోజు నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు అబద్ధం చెప్పవు. అక్క ఫోన్లో ఎవరితో మాట్లాడుతంది?" అన్నాడు. నేను తెలీదన్నాను. నాన్న మళ్లీ అడగలేదు. అలాగే కూర్చున్నాడు. కాసేపటికి అక్క ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. అక్క స్నానానికి వెళ్లింది.

ప్యాటర్న్ నాకొక్కదానికే తెలుసు. "నాకేదన్నా అయితే ప్రభుకి నువ్వే చెప్పాలి" అని అక్క నా వేలు పట్టుకుని గీయించింది.

గీశాను.

మూడు వారాల్లో ఏల్చూరు సంబంధం ఖాయం చేశారు. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు అక్క ప్రభుతో వెళ్లిపోయింది. మావాళ్లు వెళ్లి జయకుమారి ఇంటి తలుపు పగలగొట్టారు. ఆవిడ ఆ సాయంత్రమే సామాను ఆటోలో వేసుకుని ఊరొదిలిపోయింది.

ఫోన్ సంగతి జరిగిన వారానికి నాన్న నన్ను గుంటూరు కోర్సులో చేర్పిస్తానన్నాడు. అప్పటికి రెండు నెలలుగా అక్క బతిమాలుతోంది, దాన్ని చదివించు నాన్నా, దానికి ఇష్టం అని. అప్పుడు కుదరదన్నాడు.

ఆ రెండిటికీ సంబంధం లేదు.

సంబంధం లేదు.

అక్టోబరు 29

మూడు రోజులుగా ఒకటే వాన. పత్తి కాయలు నల్లబడుతున్నాయి. మిస్డ్ కాల్స్ రావడం లేదు.

నవంబరు 23, ఆదివారం

వదిన శ్రీమంతం అయింది.

వినుకొండ నుంచి రెండు కార్లలో వచ్చారు. ముత్తైదువలు గాజులు తొడిగి, అక్షింతలు వేసి, భోజనాలు చేశాక అన్నయ్య టీవీకి లాప్‌టాప్ కలిపాడు. హాల్లో ముప్పై మందికి పైనే ఉన్నారు. నాన్న అందరికంటే ముందు కుర్చీ వేసుకున్నాడు.

నేను తలుపు పక్కన నిలబడి, ఎక్కడెక్కడ గీశానో అక్కడక్కడ ఊపిరి బిగబట్టాను. ఎవరూ కనిపెట్టలేదు. నాన్న నా వైపు తిరిగి తల ఊపాడు. పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చినప్పుడు కూడా అలా ఊపలేదు.

మాంగల్యధారణ వచ్చింది. తెర మీద నేను జడ ఎత్తాను. వంగి ముడి వేశాను.

వదిన వాళ్లమ్మ గారు నా వైపు తిరిగింది. "మూడో ముడి నువ్వేశావామ్మా? నాకు పెద్దమ్మాయి వేసినట్టు గుర్తే."



"మా చిన్నదే వేసిందండీ" అన్నాడు నాన్న.

ఆవిడ నాన్న మొహం చూసింది. వదిన కడుపు మీద చెయ్యి పెట్టుకుని తల దించుకుంది.

"అవునవును. నేనే మర్చిపోయాను" అంది ఆవిడ. "ఈ అమ్మాయే. చూశానుగా."

పక్కనున్నావిడ కూడా అవునంది. ఇంకొకావిడ, నేను ఆ పక్కనే ఉన్నానుగా అంది. అలా ఒక్కొక్కళ్లు. కాసేపటికి మూడో ముడి నేనే వేసినట్టయింది.

అమ్మ తాంబూలాల పళ్లెం తేవడానికి లేచి వెళ్లి, వీడియో అయ్యేదాకా రాలేదు.

నవంబరు 30, ఆదివారం

వదిన తమ్ముడు వీడియో యూట్యూబ్‌లో పెట్టాడు. చుట్టాలందరికీ లింకు వెళ్లింది. తిరిగి తిరిగి ఎక్కడికి వెళ్లాలో అక్కడికీ వెళ్లింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆ నంబరే. దొడ్లోకి వెళ్లి ఎత్తాను. ఎందుకు ఎత్తానో తెలీదు.

"రమ్యా, పెట్టెయ్యకే. వీడియో చూశాను."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వేనా చేసింది?"

"ఊఁ."

"ఎంత బాగా వచ్చిందే నీకు!" అంది అక్క. ఎగతాళి కాదు. నా పరీక్ష మార్కులు చూసినప్పుడు ఎలా అనేదో అలాగే అంది. "మూడో ముడి దగ్గర ఆపి ఆపి చూశాను. నా చేతులు ఎక్కడా లేవు. నేను వేశానా నువ్వు వేశావా అని నాకే అనుమానమొచ్చింది."

"అక్కా..."

"ఏం అనుకోవట్లేదులే. నాన్న చెప్పి ఉంటాడు. నువ్వేం చేస్తావు. కానీ ఒక్క చోట ఉంచావుగా నన్ను."

"ఎక్కడ?"

"నా దగ్గర నటించమాక. వదినకి పూలజడ తీసుకెళ్లినప్పుడు, ఎనిమిదో నిమిషంలో. నన్ను బయటికి నెట్టేశావు గానీ బీరువా అద్దంలో ఉన్నాను చూడు. మొహం మొత్తం కనపడతంది. రెండు సెకన్లు. నవ్వుతున్నాను." గొంతు మారింది. "కావాలనే ఉంచావు కదే?"

మా గేదె తాడు తెంపుకునేలా లాగుతోంది. దాన్నే చూస్తున్నాను.

"ఊఁ. కావాలనే."

అక్క ఏడ్చేసింది. "అనుకున్నాను. ప్రభు పొరపాటయి ఉంటుందన్నాడు. మా చెల్లెలు పొరపాటు చేయదు అన్నాను."

పెట్టేశాక లాప్‌టాప్ తెరిచి చూశాను. ఉంది. బీరువా అద్దంలో, ఓరగా. జూమ్ చేసేటప్పుడు వదిననే చూశాను. అద్దం సంగతే నాకు తట్టలేదు.

డిసెంబరు 3, బుధవారం

క్లాసులో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. అద్దం ఎవరో చూశారట. నాన్న దాకా వెళ్లింది.

"ఎంతసేపు పడుతుందే తీయడానికి?"

"కుదరదేమో అన్నయ్యా. అద్దం కదా" అన్నాను.

"రమ్యా" అన్నాడు వాడు. "నాన్న అన్నం తినకుండా కూర్చున్నాడు. ఒక్కసారి అయిపోగొట్టెయ్యి. నాకూ విసుగ్గా ఉంది."

పది నిమిషాల పని. అద్దం మీద పక్కనున్న బీరువా రంగు పూసేశాను. వదిన తమ్ముడు పాతది తీసేసి కొత్తది పెట్టాడు.

డిసెంబరు 9

అక్క మెసేజ్ పెట్టింది. "రమ్యా, ఆ లింకు పని చేయట్లేదు. అత్తయ్యకి చూపిద్దామంటే రావట్లేదు. నీ దగ్గరుంటే పంపవా."

డిసెంబరు 10

అక్కకి ఏం రాయాలో తెలియక జవాబు పెట్టలేదు.

డిసెంబరు 13, శనివారం

క్లాసుకని బయల్దేరి, ఆరోజు ఫోన్లో అక్క చెప్పిన గుర్తులు పట్టుకుని మంగళగిరి బస్సెక్కాను. అన్నయ్య డిస్క్‌లో ఉన్నదంతా, ఏమీ తీయనిది, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లాను.

మగ్గాల వీధిలో రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది జయకుమారి. చిన్నప్పటి నుంచి మేమంతా ఆవిణ్ణి ఏమే, ఒసే అనే పిలిచాం, నేను కూడా. ఇప్పుడు ఏమనాలో నాకు నోరు తిరగలేదు.

"బాగున్నారా?" అన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "రామ్మా" అంది. లోపలికి తిరిగి, "హారికా, మీ చెల్లెలు" అంది.

అక్క స్కూలు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పెన్ను అలాగే పట్టుకుని వచ్చి నన్ను వాటేసుకుంది. నా జాకెట్ వీపు మీద ఎర్రగీత పడింది. ప్రభు కొత్తగా చేరిన ఆఫీసుకి వెళ్లాడట.

"అత్తయ్యా, చెప్పానే, అద్దంలో నన్ను దాచింది ఇదే" అంది అక్క.

జయకుమారి గారు నవ్వి వంటింట్లోకి వెళ్లింది. ఇక ఉండబట్టలేకపోయాను. కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"అక్కా, ఏప్రిల్లో నాన్నకి నీ ఫోన్ తెరిచిచ్చింది నేనే."

అక్క పెన్నుకి క్యాప్ పెట్టింది.

"తెలుసే" అంది. "ప్యాటర్న్ నీకు తప్ప ఎవరికి తెలుసు? ఆరోజే తెలుసు."

"మరి ఎందుకు ఫోన్ చేశావు నాకు? అన్నిసార్లు?"

"చెప్తావేమో అని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ వింటోంది. ఆవిడ తలుపు పగిలింది కూడా దాని వల్లే. ఇంక అక్కడే ఆపాల్సింది. ఆపలేదు. లోపల ఉన్నదంతా కక్కేస్తే తేలికైపోతుందనుకున్నాను.

"అద్దంలో నిన్ను కావాలని ఉంచలేదక్కా. నేను చూడలేదు. చూసి ఉంటే తీసేసేదాన్నే. నాన్న తీసెయ్యమంటే మొన్న తీసేశాను కూడా. అందుకే లింకు రావట్లేదు."

అక్క దిద్దిన పేపర్లన్నీ ఒకచోట చేర్చి, అంచులు సరిచేసి, పక్కన పెట్టింది.

"మొదటిది నాకు తెలుసు. అది పట్టించుకోను. ఇది చెప్పకుండా ఉండాల్సింది రమ్యా" అంది.

"సారీ అక్కా."

"రెండు సెకన్లే కదా. నాకు ఉండనియ్యాల్సింది."

జయకుమారి గారు అన్నం పెట్టింది. గోంగూర, పెరుగు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆవిడ నా పక్కన కూర్చుని, "తినమ్మా. ఎండలో పడి వచ్చావు" అంది. తలుపు గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అక్క ఎదురుగా కూర్చుని తనూ తినలేదు.

పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను. "ఇందులో అన్నీ ఉన్నాయి. ఏమీ తీయనివి. నువ్వు అన్నిట్లో ఉన్నావు."

"నన్ను నేనేం చూసుకుంటానే. అమ్మ ఉన్నవి పెట్టు."

లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఐదు నెలలుగా ఆ వీడియోలో అక్క కోసం వెతికాను. అమ్మ కోసం ఎప్పుడూ వెతకలేదు. అమ్మ ఎక్కడా మధ్యలో ఉండదు. ఎవరి భుజం వెనకాలో సగం, పళ్లెం పట్టుకుని వెళుతూ ఒక క్షణం. ఒకచోట స్తంభానికి ఆనుకుని ఒక్కతే కాళ్లు నొక్కుకుంటోంది.

"ఆపు. ఇక్కడ ఆపు" అంటోంది అక్క. చూస్తుంది. "ఊఁ, పోనీ." మళ్లీ, "ఆపు."

అలా మూడింటి దాకా చూశాం. నా భుజానికి భుజం తగిలేలా కూర్చుంది గానీ నా వైపు చూడలేదు. బస్‌స్టాండు దాకా రాలేదు. గుమ్మంలో నిలబడి, "జాగ్రత్తగా వెళ్లు" అంది. మళ్లీ రమ్మనలేదు.

డిసెంబరు 14, ఆదివారం

నిన్న వచ్చాక తలనొప్పని చెప్పి అన్నం తినకుండా పడుకున్నాను. ఎక్కడికి వెళ్లానో ఎవరికీ చెప్పలేదు.

పొద్దున అమ్మ, నేను పత్తి తీయడానికి వెళ్లాం. వానకి తడిసిపోగా మిగిలిన పత్తి. కూలోళ్లు ముందు సాళ్లలో ఉన్నారు. నాన్న గట్టు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అమ్మ నా పక్క సాలులోకి వచ్చింది. కాయలోంచి పత్తి లాగి ఒళ్లో వేసుకుంటూ, నా వైపు చూడకుండా, చిన్నగా అడిగింది.

"చిక్కిందా?"

ఎవరని నేను అడగలేదు.

"లేదమ్మా, బాగుంది" అన్నాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని సాలు వెంట ముందుకెళ్లింది.

చిక్కింది. బాగా చిక్కిపోయింది.